ఇచ్చి గెలిచిన జట్టు

1957వ సంవత్సరపు డ్యూరాండు కప్పు తుదిపోటీలో హైదరాబాదు నగర పోలీసు జట్టు, కలకత్తానుండి వచ్చిన ఈస్ట్ బెంగాల్ జట్టును 2-1 తేడాతో ఓడించినది. అదే సంవత్సరమున ఈస్ట్ బెంగాల్ వారు సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడ యువకుడు తులసీదాస్ బలరామ్‌ను తమ జట్టులోనికి తీసికొనిపోయినారు. బలరామ్ పోలీసు జట్టువాడు కాడు. కాని ఈ ఊరి మైదానములలో పెరిగినవాడు, హైదరాబాదు పక్షమున ఆడినవాడు. అప్పటికి ఇరువదియేండ్లవాడే అయినను మెల్బోర్న్ ఒలింపిక్సులో మన దేశమునకు ఆడి వచ్చినాడు. అటువంటివానిని వదలుకొన్న ఊరు గెలిచినది. చేర్చుకొన్న క్లబ్బు ఓడినది.

ఇది ఒకనాటి అదృష్టమని కొట్టివేయుటకు వీలు లేదు. నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. డ్యూరాండు కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచినది. ఆటగాండ్రను ఇతరులకు ఇచ్చుచునే ఇన్ని గెలుపులు ఏ విధముగా సాధ్యమైనవి? ఆ ఇచ్చుట ఎప్పుడు, ఎందుచేత నష్టముగా మారినది? ఈ రెండు ప్రశ్నలనే మనము విచారింపవలసి యున్నది.

నేడు ఫుట్‌బాలు చూచువారికి ఒక సంగతి గుర్తు చేయుట అవసరము. ఆ రోజులలో ఆట మధ్యలో ఒక ఆటగాని తీసి వేరొకని దింపు పద్ధతి లేదు. ఇంగ్లండు లీగులోనే 1965లో గాని అది ప్రవేశించలేదు. ప్రపంచకప్పు పోటీలలో 1970లో మొదలైనది. మోకాలు బెణికినవాడు కుంటుచునే ఆడవలెను, లేదా జట్టు పదిమందితోనే ముగింపవలెను. పోటీలు వారములతరబడి సాగెడివి. ఆట సమముగా ముగిసినచో మరల ఆడవలసి వచ్చెడిది. ఒక కప్పు బొంబాయిలో, మరియొకటి ఢిల్లీలో. నడుమ రెండేసి దినముల రైలు ప్రయాణము. పెండ్లివారింట వడ్డించువాడొకడు జ్వరపడినంతమాత్రమున బంతి ఆగునా? మరియొకడు గరిటె పట్టవలెను. విస్తరి ముందు కూర్చున్నవానికి ఆ మార్పు తెలియరాదు. జట్టునకు నిలవ బలమనగా ఆనాడు ఇదియే. పదునొకండుగురు ఎంత గొప్పవారన్నది సగము మాట. పండ్రెండవవాడు మొదలు పదునెనిమిదవవాడు వరకు ఎట్టివారన్నది మిగిలిన సగము.

ఈ బలమును సంపాదించుటకు దేశములో రెండు మార్గములుండెడివి. ఒకటి కలకత్తా మార్గము, రెండవది హైదరాబాదు మార్గము.

కలకత్తా మార్గమునకు ఆద్యులు మహమ్మడన్ స్పోర్టింగ్ వారు. కలకత్తా లీగు 1898లో మొదలైనప్పటినుండి 1933 వరకు ఒక్క భారతీయ జట్టయినను దానిని గెలువలేదు. తెల్లవారి జట్లకును, సైనిక పటాలములకును అది సొంతసొత్తుగా నుండినది. 1911లో మోహన్ బగాన్ వారు షీల్డు గెలిచి దేశమును ఉర్రూతలూపినారు గాని, లీగు మాత్రము అందలేదు. మహమ్మడన్ వారు తమ ఊరివారితో తృప్తిపడక, బెంగుళూరు మొదలు క్వెట్టా వరకు గాలించి ఆటగాండ్రను చేర్చుకొన్నారు. వానకాలపు బురదలో ఉత్తకాళ్ళతో జారిపడుట మాని బూట్లు తొడిగించినారు. 1934లో లీగు గెలిచినారు. 1938 వరకు అయిదేండ్లు దానిని విడిచిపెట్టలేదు. ఇతర క్లబ్బులకు ఈ పాఠము చక్కగా తలకెక్కినది.

ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణదేశము వైపు దృష్టి సారించినాడు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను అయిదుగురు ఫార్వర్డులను కలకత్తా ప్రజలు పంచపాండవులని పిలుచుకొన్నారు. వీరిలో బెంగాలులో పుట్టినవాడు ఒక్కడును లేడు. అప్పారావు అను పేరు వినగానే మన చెవులు నిక్కబొడుచుకొనును. అవును, ఆయన తెలుగువాడే. ఈ అయిదుగురి బలముతో ఈస్ట్ బెంగాల్ 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా మూడు పర్యాయములు షీల్డు గెలిచినది. 1952 డ్యూరాండు తుదిపోటీలో మన నగర పోలీసు జట్టునే ఓడించినది. కావున బయటివారిని తెచ్చిన జట్టు జట్టే కాదని వాదించుట సరికాదు. నలుమూలలనుండి వచ్చినవారు ఒకరి మనస్సు ఒకరెరిగి ఆడగలరని ఆ అయిదుగురు నిరూపించినారు. కాని అటువంటి కలయిక అరుదు; క్లబ్బులు కోరినప్పుడెల్ల దొరకునది కాదు.

ఈ వ్యవహారమంతయు ఒక తెరచాటున జరిగెడిది. పేరునకు అందరును వేతనము పుచ్చుకొనని ఔత్సాహికులే. ఉద్యోగమని, ఖర్చులని, బస అని ఏదో ఒక పేరు పెట్టి ఇచ్చెడివారు. ఏటేట క్లబ్బులు మారు గడువు వచ్చినప్పుడు ఆటగాడు ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యాలయమునకు స్వయముగా వచ్చి చేవ్రాలు చేయవలెను. ఆ చేవ్రాలు పడు క్షణము వరకు వానిని ప్రత్యర్థి క్లబ్బువారి కంటబడకుండ ఏ స్నేహితుని ఇంటిలోనో దాచియుంచుట, అక్కడినుండి వేరొకరు తప్పించుకొనిపోవుట - ఇవి కలకత్తాలో తరువాతి కాలమున కథలుగా చెప్పుకొనదగిన స్థితికి వచ్చినవి. రుక్మిణీకల్యాణమునకు ఏ మాత్రము తీసిపోని ఘట్టములు!

ఇక హైదరాబాదు మార్గము. దీనికి కర్త సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో జన్మించినాడు. వృత్తిచేత ఉపాధ్యాయుడు, కాచిగూడ, చాదర్‌ఘాటు బడులలో పాఠములు చెప్పినాడు. అందుచేతనే ఊరందరికిని ఆయన రహీమ్ సాహెబు. 1943లో నగర పోలీసు జట్టు శిక్షకుడైనాడు. మరణించువరకు ఇరువది సంవత్సరములు ఆ పనిని వదలలేదు. 1950 మొదలు భారతజట్టునకును ఆయనే గురువు.

రహీమ్‌నకు కొనుటకు డబ్బు లేదు. పోలీసు శాఖ ఇవ్వగలిగినది ఒక కానిస్టేబులు ఉద్యోగము, నెలజీతము, ఆట ముగిసిన తరువాత కూడ నిలిచియుండు ఒక అన్నపుముద్ద. దరిద్రపు కుటుంబములలో పుట్టిన కుర్రవానికి ఇది తక్కువ సంగతి కాదు. కాని కలకత్తా ఇచ్చుదానితో ఇది తూగజాలదు. పైవారు వచ్చి తన మంచి ఆటగాండ్రను ఎత్తుకొనిపోవుదురని రహీమ్ ఎరుగును. ఎరిగియే, పోయినవాని స్థానము నిండునట్టి ఏర్పాటు చేసికొన్నాడని మా అభిప్రాయము.

ఆ ఏర్పాటు ఎట్టిదో చూడవలెను. ఆయన ఊరిలో చిన్న చిన్న పోటీలు విరివిగా పెట్టించెడివాడు; వాని నియమములు విచిత్రములు. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఆపి ఎదుటివానిని ఏమార్చుచు తీసికొనిపోరాదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తన్ని స్నేహితునికి అందింపవలెను. మరియొక పోటీలో కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితోనే తన్నవలెను. ఇది వినోదము కొరకు చేసినదని కొందరనుకొనియుందురు. నిజమునకు ఇది విత్తనపు వడ్లను వేరుచేసి దాచుట వంటిది. రెండు కాళ్ళును సమముగా పనిచేయువాడు మైదానములో ఎడమవైపునను ఆడగలడు, కుడివైపునను ఆడగలడు. బంతిని తనవద్ద నిలుపుకొనక అందించువాడు ఎవరి ప్రక్కన నిలిచినను ఇముడగలడు. వీధిలోని పండ్రెండేండ్ల బాలుడును, నగర పోలీసు జట్టులోని పెద్దవాడును ఒకే బడిలో ఒకే పాఠము చదివినప్పుడు, పై తరగతిలో ఒక చోటు ఖాళీ అయినచో క్రింది తరగతినుండి ఒకడు వచ్చి కూర్చొనును. కలకత్తావారు మనిషిని కొన్నారు. రహీమ్ మనిషి నిలువవలసిన చోటును తయారుచేసినాడు.

ఇందువలననే ఎవరు పోయినను జట్టు ఒరగలేదు. లతీఫ్ మహమ్మడన్ స్పోర్టింగ్‌నకు పోయినాడు. ఆజానుబాహువైన గోల్‌కీపరు పీటర్ తంగరాజు ఇక్కడి మైదానములలో ఆట నేర్చి, సైన్యములో చేరి, పిమ్మట కలకత్తా చేరినాడు. బలరామ్ మాట చెప్పియే యున్నాము. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు ఊరినే నమ్ముకొనియున్నారు. వెళ్ళినవారిని ద్రోహులని గాని, ఉండినవారిని త్యాగులని గాని పిలుచుట మాకు సమ్మతము కాదు. ఒక్కొక్క ఇంటి పొయ్యి ఒక్కొక్క విధముగా మండును. బలరామ్ కలకత్తాలో 1961లో ఈస్ట్ బెంగాల్‌నకు నాయకుడై, తొమ్మిదేండ్లుగా ఆ క్లబ్బునకు దక్కని లీగును తెచ్చిపెట్టినాడు. ఆ కీర్తి ఆయనకు ఇక్కడ దొరకియుండునా అన్నది సందేహమే.

ఊరి నిలవ ఎంతటిదో తెలుపుటకు ఆ 1961వ సంవత్సరమే చాలును. బలరామ్ అక్కడ లీగు గెలుచుచుండగా, ఇక్కడి పోలీసు జట్టు ఆంధ్ర పోలీసు అను క్రొత్తపేరుతో డ్యూరాండు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించినది. బొంబాయిలో రోవర్సు కప్పును సికిందరాబాదులోని ఇ.ఎమ్.ఇ. సైనికకేంద్రపు జట్టు గెలిచినది. ఒకే సంవత్సరమున, దేశములోని రెండు పెద్ద కప్పులు, హుస్సేనుసాగరమునకు అటొకటి, ఇటొకటి!

రహీమ్ ఈ విద్యను దేశపు జట్టునకు కూడ నేర్పినాడు. 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణపతకము వచ్చినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము దక్కినది. కాని నిలవ బలమను మాటకు అసలైన భాష్యము 1962లో జకార్తాలో కనబడినది. దానిని కొంత వివరముగా చెప్పక తప్పదు.

అక్కడ మొదటి ఆటలోనే దక్షిణకొరియా మనలను 2-0 తో ఓడించినది. థాయ్‌లాండుతో ఆడినప్పుడు మన రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నయిల్ సింగు తల పగిలి, కుట్లు పడినవి. బంతిని తలతో ఎదుర్కొనుటయే ఆతని పని. అట్టివానికి తలకే దెబ్బ. ఇంకొకరైనచో ఆతనిని బసలో పండుకొనబెట్టియుందురు. రహీమ్ ఆతనిని దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలునకు తీసికొనివచ్చి, వెనుకనుండి తీసి ముందు నిలిపినాడు - సెంటర్ ఫార్వర్డుగా. జర్నయిల్ ఖాళీచేసిన చోట అరుణ్ ఘోష్ నిలిచినాడు. తలకు కట్టుతోనున్న జర్నయిల్ ఆనాడు గోలు వేసినాడు. 3-2 తో మన జట్టు తుదిపోటీకి చేరినది.

సెప్టెంబరు 4వ తేదీన మరల దక్షిణకొరియాయే ఎదురైనది. ఏషియా క్రీడలలోనికి ఇజ్రాయేలును, తైవానును రానీయకపోవుటను గూర్చి మన ప్రతినిధి సోంధీ చేసిన అభ్యంతరము వలన జకార్తా ప్రజలు మనపై ఆగ్రహముతోనుండినారు. మైదానమంతయు మనకు వ్యతిరేకముగా కేకలు వేసినది. సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్ ఏ తప్పును చేయలేదు. అయినను కొరియావారు ఎత్తుగా కొట్టు బంతులను తలచుకొని రహీమ్ ఆతనిని ఆపి, పొడగరియైన తంగరాజును నిలిపినాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ ఒక గోలు వేసినారు. కొరియా ఒకదానితో సరిపెట్టుకొన్నది. స్వర్ణపతకము మనది.

ఆ జట్టులో బలరామ్ ఉన్నాడు, తంగరాజు ఉన్నాడు, ఆంధ్ర పోలీసు ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఈ యూసుఫ్ ఖాన్ హాఫ్ బ్యాకుగాను ఆడును, ఫార్వర్డుగాను ఆడును. ఏ చోట నిలిపిన ఆ చోట అదే తన పుట్టిల్లన్నట్లు మెలగును. రహీమ్ బడి ఏమి నేర్పినదో ఆతనిని చూచిన తెలియును. 1966లో ఆతనికి అర్జున పురస్కారము లభించినది.

జకార్తానాటికే రహీమ్ ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుచుండినాడు. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన కన్నుమూసినాడు.

చెట్టు కూలిన వెంటనే కాయలు రాలిపోవు. 1963లో ఆంధ్ర పోలీసు మరల రోవర్సు కప్పు గెలిచినది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని తెచ్చినది. అంతా మునుపటివలెనే ఉన్నదని జనులు భావించినారు. కాని 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఇద్దరును ఈస్ట్ బెంగాల్‌నకు పోయినారు. హబీబ్‌నకు అప్పుడు పదునేడేండ్ల ప్రాయము. వెనుకటివారు పోయినట్లే వీరును పోయినారు. తేడా అంతయు వీరి వెనుక నున్నది. బలరామ్ పోయినప్పుడు ఆ చోట నిలువగలవాడు వీధిలో ఆడుచుండెడివాడు. హబీబ్ పోయిన తరువాత ఆ వీధి పోటీలు నడుపు ఉపాధ్యాయుడు లేడు. ఒక మనిషి చేతిమీదుగా నడచిన బడి, ఆ మనిషితోనే సన్నగిల్లినది. దానిని ఒక సంస్థగా నిలిపినవారు లేకపోయినారు. పోలీసు శాఖ గాని, క్రీడాసంఘములు గాని ఇందుకు పూనుకొనియుండవలసినది. కలకత్తావారిని నిందించుట తేలిక. వారు 1934 నాడును కొన్నారు, 1957 నాడును కొన్నారు. వారి పద్ధతి మారలేదు. మారినది మన గాదె.

వెళ్ళినవారు మాత్రము వెలిగినారు. 1970లో బాంకాకు ఏషియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారతజట్టునకు నయీముద్దీనే నాయకుడు. 1977లో పేలే తన న్యూయార్కు కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ తోటకు వచ్చినప్పుడు, ఆట 2-2 తో సమముగా ముగిసినది. మోహన్ బగాన్ వేసిన ఆ రెండింటిలో ఒకటి హబీబ్ వేసినది. ఆతని తమ్ముడు అక్బర్ అంతకు ముందు సంవత్సరము మోహన్ బగాన్ పక్షమున, ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన పదునేడవ క్షణముననే గోలు కొట్టి కలకత్తాను నివ్వెరపరచినాడు. ఈ వార్తలు చదివి హైదరాబాదు గర్వించినది. గర్వించుట తప్ప చేయునది మరేమియు మిగులలేదు.

ఇటీవలి ముచ్చట ఒకటి చెప్పవలెను. 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తిక్లబ్బు వెలసినది. ఇది మొదటినుండి కలకత్తా మార్గమునే పట్టినది; దేశదేశములనుండి ఆటగాండ్రను తెచ్చుకొన్నది. 2022లో ఇండియన్ సూపర్ లీగు తుదిపోటీలో కేరళ జట్టును పెనాల్టీలపై ఓడించి విజేత అయినది. ఊరిలో పాత జ్ఞాపకములు మేల్కొన్నవి. రెండేండ్లు తిరుగకముందే జీతములు బాకీపడినవి. ఆటగాండ్రు ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయినారు. బాకీల కారణమున క్రొత్తవారిని చేర్చుకొనకుండ ఆంక్షలు వచ్చినవి. 2023-24 పోటీలలో కుర్రవాండ్రతో నెట్టుకొని వచ్చి, ఒక్క ఆట మాత్రము గెలిచి, అట్టడుగున నిలిచినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడ మార్చుకొన్నది. పూర్వము ఆటగాండ్రు ఊరు విడిచి పోయెడివారు, జట్టు మిగిలెడిది. ఈసారి జట్టే ఊరు విడిచినది.

బలరామ్ 1963లో ఈస్ట్ బెంగాల్‌ను వీడి బి.ఎన్.ఆర్. జట్టులో చేరినాడు. అనారోగ్యముచేత ముప్పదియేండ్లు నిండకముందే ఆట విరమింపవలసి వచ్చినది. ఆయన అమ్ముగూడకు తిరిగిరాలేదు; హుగ్లీ నది ఒడ్డుననున్న ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో బెంగాలు గడ్డమీదనే మరణించినాడు. హబీబ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులలోను ఆడి, అక్కడివారిచేత బడేమియా అని పిలిపించుకొని, చివరకు హైదరాబాదు చేరినాడు. ఆ సంవత్సరమే ఆగస్టు 15వ తేదీన ఇక్కడనే కన్నుమూసినాడు.